ఒంటి కోట్, జంట కోట్: పిస్కాటవేలో ఒక మీట చరిత్ర

ఈ వారం ఎపిసోడ్‌కి తోడుగా రాస్తున్న వ్యాసం ఇది. ఈసారి రాజులు లేరు, ఓడలు లేవు, కూలీల ఒప్పందాలు లేవు. కీబోర్డు మీద ఎంటర్ పక్కన ఉండే ఒక్క మీట గురించి మాట్లాడుకున్నాం. ఊరికే నొక్కితే ఒంటి కోట్ పడుతుంది, షిఫ్ట్‌తో నొక్కితే జంట కోట్ పడుతుంది. ఆడియోలో కోడ్ చదివి వినిపించడం ఎంత నరకమో రికార్డింగ్ రోజున తెలిసింది. నేను "ఆంపర్‌శాండ్ మందు డాట్ డాట్" అని నాలుగోసారి అంటుంటే, పక్క గదిలోంచి మా ఆవిడ "ఎవరికి దిష్టి తీస్తున్నారు?" అని అడిగింది. అందుకే ఈ భాగం కళ్ళతో చదువుకుంటేనే మేలు.

గల్ఫ్‌లో, సింగపూర్‌లో డ్యూటీ దిగి వినేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, ప్రోగ్రామింగ్ తెలీదని వదిలేయకండి. మీకు ఎప్పుడైనా ఏదో బ్యాంకు నుంచి "డియర్ కస్టమర్ నేమ్" అని మెసేజ్ వచ్చిందా? మీ పేరు పడాల్సిన చోట, పేరు కోసం పెట్టిన ఖాళీ అలాగే అచ్చయిపోయింది. ఇవాళ్టి కథంతా ఆ ఖాళీ గురించే. దాన్ని ఎవరు, ఎప్పుడు నింపుతారు? కోట్స్ మధ్యలో ఉంటే నింపాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

న్యూజెర్సీ మందుల కంపెనీల్లో మనవాళ్ళు ఎక్కువగా రాసిన భాష సాస్. అందులో ఆ ఖాళీని మాక్రో వేరియబుల్ అంటారు. పేరు ముందు & గుర్తు పెడతారు. అసలు కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది, చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

%లెట్ మందు = ప్లసీబో;
టైటిల్1 "&మందు గుంపు ఫలితాలు";
టైటిల్2 '&మందు గుంపు ఫలితాలు';

మొదటి టైటిల్ "ప్లసీబో గుంపు ఫలితాలు" అని అచ్చవుతుంది. రెండోది "&మందు గుంపు ఫలితాలు" అనే అచ్చవుతుంది. తేడా అంతా ఆ ఒక్క షిఫ్ట్ మీటలో ఉంది. రెండోదానికి ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. లాగ్ శుభ్రంగా ఉంటుంది. భయం అక్కడే.

ఎందుకు రాదో తెలియాలంటే లోపల పని ఎలా జరుగుతుందో చూడాలి. సాస్ మన ప్రోగ్రామ్‌ని ముక్కలు ముక్కలుగా చదువుతుంది. చదివే భాగానికి వర్డ్ స్కానర్ అని పేరు. ఒంటి కోట్ కనపడగానే అది మళ్ళీ ఒంటి కోట్ వచ్చేదాకా ఉన్నదంతా ఒకే ముద్దగా తీసుకుని, లోపల ఏముందో చూడకుండా ముందుకి పంపేస్తుంది. జంట కోట్ అయితే లోపల కూడా వెతుకుతుంది. & గుర్తో % గుర్తో కనపడి, దాని వెంటనే అక్షరం ఉంటే, ఆగి మాక్రో ప్రాసెసర్‌ని పిలుస్తుంది. అంటే ఒంటి కోట్‌లో &మందు ఉన్న సంగతే దానికి తెలీదు. తెలియని దాని గురించి వార్నింగ్ ఎలా ఇస్తుంది? సీలు వేసిన కవరు లోపల ఉత్తరంలో తప్పుందని పోస్ట్‌మాన్‌ని తప్పు పట్టలేం కదా.

అయితే ఎప్పుడూ జంట కోట్ వాడేస్తే గోల ఉండదు అనుకుంటారేమో. పిస్కాటవేలో ఉండే మనవాళ్ళకి ఆ ముచ్చట కూడా లేదు. ఈ చుట్టుపక్కల పెద్ద కంపెనీల పేర్లు చూడండి. జంట కోట్స్‌లో "ఏటీ&టీ" అని రాస్తే సాస్ ఆగిపోయి, టీ అనే వేరియబుల్ ఎక్కడుందని వెతికి, దొరక్క లాగ్‌లో వార్నింగ్ రాస్తుంది. పేరు మాత్రం సరిగ్గానే అచ్చవుతుంది. రారిటన్ నది అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ ప్రధాన కార్యాలయం ఉంది. ఆ పేరుని ముద్దుగా "జే&జే" అని జంట కోట్స్‌లో రాశారనుకోండి. చుట్టూ జే అనే లెక్కింపు వేరియబుల్‌తో లూప్ తిరుగుతూ ఉంటే, మూడో రౌండులో అది "జే3" అయిపోతుంది. ఈసారి వార్నింగ్ కూడా ఉండదు, ఎందుకంటే వేరియబుల్ దొరికింది మరి! ఇలాంటి చోట ఒంటి కోటే కాపాడుతుంది. మరోపక్క క్రోన్స్ జబ్బు పేరులోనే ఒక ఒంటి కోట్ ఉంది కాబట్టి దాన్ని ఒంటి కోట్స్‌లో పెట్టాలంటే మధ్యలో కోట్ రెండుసార్లు కొట్టాలి. అది మర్చిపోతే తర్వాతి ప్రోగ్రామ్ అంతా ఒక పొడుగాటి కోట్‌లోకి వెళ్ళిపోతుంది. కోట్స్ మధ్యలో ఉన్నది 262 అక్షరాలు దాటిందని సాస్ మొర పెట్టుకోవడం చూడని సాస్ ప్రోగ్రామర్ ఉండడు.

ఇప్పుడు చరిత్రకి వద్దాం. సాస్ 1966 ప్రాంతంలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో, పంట పొలాల లెక్కల కోసం మొదలైంది. ఆంథొనీ బార్, జిమ్ గుడ్‌నైట్, జాన్ సాల్, జేన్ హెల్విగ్ కలిసి 1976లో కంపెనీ పెట్టారు. అప్పట్లో అది ఐబీఎం పెద్ద మెషీన్ల మీద మాత్రమే నడిచేది. ఈ రోజుకీ దాని మాక్రో భాషలో ఐబీఎం ఇంటి వాసన పోలేదు. ఐబీఎం 360 అసెంబ్లర్‌లో మాక్రోల్లోని పేర్లకి ముందు & గుర్తే పెట్టేవారు. పేరు ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి చుక్క పెట్టేవారు. పీఎల్/వన్ భాషలో కంపైల్‌కి ముందే జరగాల్సిన పనులకి % గుర్తు. సాస్‌లో ఇవి మూడూ ఉన్నాయి. "&లైబ్రరీ..డేటా" అని రెండు చుక్కలు ఎందుకు పెట్టాలో అర్థం కాక బుర్ర గోక్కున్న ప్రతి ఒక్కరికీ జవాబు ఇదే: మొదటి చుక్క పేరు అయిపోయిందని చెప్పడానికి ఖర్చయిపోతుంది, రెండోదే నిజం చుక్క.

మాక్రో అనే ఆలోచన అంతకంటే పాతది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ 1960లోనే దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. 1965లో ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ స్ట్రేచీ ఒక మాక్రో యంత్రం లాంటి ప్రోగ్రామ్ గురించి రాశాడు. అందులో కోట్ అంటే "దీన్ని ఇప్పుడు ముట్టుకోకు" అనే అర్థం. ఒక్కోసారి చదివినప్పుడల్లా ఒక్కో పొర ఊడుతుంది. నాకు స్ట్రేచీ పద్ధతే అన్నిటికంటే నిజాయితీగా అనిపిస్తుంది, వాడటం మాత్రం ఉల్లిపాయ ఒలిచినట్టే.

అసలు పని జరిగిన చోట్లలో ఒకటి మాత్రం మన పిస్కాటవే. మన ఇండియన్ షాపులకీ, క్రికెట్ గ్రౌండ్లకీ మధ్య ఆఫీసు పార్కుల్లోంచి రోజూ కారులో వెళ్తుంటాం. అక్కడ కార్పొరేట్ ప్లేస్‌లో బెల్ ల్యాబ్స్ శాఖ ఉండేది. యునిక్స్ పుట్టిన మరే హిల్ పేరు అందరూ చెప్తారు. పిస్కాటవే పేరు చెప్పేవాళ్ళు తక్కువ. 1973లో ఇక్కడ ఇవాన్ ఐవీ, రడ్ కెనడే కలిసి ప్రోగ్రామర్స్ వర్క్‌బెంచ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. దాదాపు వెయ్యి మంది ఉన్న ఒక విభాగం, టెలిఫోన్ కంపెనీల బిల్లులూ రికార్డులూ లాంటి వ్యాపార ప్రోగ్రాములు రాసే విభాగం, దాని కోసం. వాళ్ళ ప్రోగ్రాములు నడిచేది ఐబీఎం, యూనివాక్ పెద్ద మెషీన్ల మీద. రాసుకోవడం, దిద్దుకోవడం మాత్రం చిన్న యునిక్స్ మెషీన్ మీద చేసి, అక్కడినుంచి పెద్ద మెషీన్‌కి పంపిద్దాం అన్నది వాళ్ళ ఆలోచన. ఇక్కడ రాసి ఇంకెక్కడో నడిపించడం! మనవాళ్ళ ఉద్యోగాల రూపం అప్పుడే వచ్చేసింది.

పరిశోధన చేసే పదిమందికి సరిపోయే పనిముట్లు వెయ్యి మందికి సరిపోవు. కెన్ థాంప్సన్ రాసిన మొదటి షెల్‌లో స్క్రిప్టులకి $1, $2 అని బయటినుంచి ఇచ్చిన విలువలు తప్ప సొంత వేరియబుల్స్ లేవు. పిస్కాటవేలో జాన్ మేషీ, ఆయన తోటివాళ్ళు దాన్ని పెంచారు. ఒక్క అక్షరం పేరున్న వేరియబుల్స్ పెట్టారు, ఇఫ్ పెట్టారు, వైల్ పెట్టారు. 1976లో మేషీ ఒక సభలో చదివిన వ్యాసం సారాంశం ఏంటంటే, కమాండ్లు కొట్టే భాషని కూడా నిజమైన ప్రోగ్రామింగ్ భాషగా వాడొచ్చు అని. వేరియబుల్ వచ్చాక మన పాత ప్రశ్న వచ్చేస్తుంది: కోట్స్‌లో ఉంటే ఏం చెయ్యాలి?

అదే వర్క్‌బెంచ్‌లో ఇంకో పనిముట్టు ఉంది, ఎస్‌సీసీఎస్. మార్క్ రోచ్‌కైండ్ 1972లో మొదలుపెట్టాడు. 1975 డిసెంబర్‌లో దాని మీద వ్యాసం అచ్చయింది. ఇవాళ గిట్ వాడే ప్రతి ఒక్కరికీ అది తాతగారు. ఒక ఫైల్‌లో ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి పెట్టుకునేది. దానికి ఒక చిన్న సరదా ఉంది. ప్రోగ్రామ్‌లో %డబ్ల్యూ% అని రాసి పెడితే, ఫైల్‌ని బయటికి తీసినప్పుడు ఆ చోట ఫైలు పేరు, వెర్షన్ నంబరు పెట్టి ఇచ్చేది. %ఎం% అంటే మాడ్యూల్ పేరు, %హెచ్% అంటే ఇవాళ్టి తేదీ. కోట్స్ లోపలా, బయటా అని చూసేది కాదు. నిజానికి కోట్స్ లోపలే కావాలి. సీ ప్రోగ్రామ్‌లో ఒక స్ట్రింగ్‌గా వెర్షన్ నంబరు దూరిపోతే, ఏళ్ళ తర్వాత కూడా నడిచే ప్రోగ్రామ్‌ని అడిగి తెలుసుకోవచ్చు.

ఇబ్బంది ఏంటంటే యునిక్స్‌లో టైమ్ చూపించడానికి కూడా % గుర్తే. గంటకి %హెచ్, నిమిషానికి %ఎం, సెకనుకి %ఎస్. మూడూ పక్కపక్కన పెడితే "%హెచ్%ఎం%ఎస్". ఇందులో %హెచ్% ఉంది, చూశారా? ఫైల్ బయటికి తీయగానే అక్కడ తేదీ వచ్చి కూర్చుంటుంది. కోట్‌కి ఏ మర్యాదా ఇవ్వని పద్ధతితో వచ్చే చిక్కు ఇది. తెలిసినవాళ్ళు ఆ స్ట్రింగ్‌ని రెండుగా విరిచి రాసుకునేవారు.

సీ భాషలో దీనికి పూర్తిగా ఉల్టా నిర్ణయం తీసుకున్నారు, అదీ గొడవ పడ్డాకే. 1978లో కెర్నిగన్, రిచీ పుస్తకం స్ట్రింగ్స్ లోపల మాక్రో మార్పులు జరగవని చెప్పింది. అయితే అదే బెల్ ల్యాబ్స్‌లో జాన్ రైజర్ రాసిన ప్రీప్రాసెసర్ మాక్రోకి ఇచ్చిన విలువల్ని కోట్స్ లోపల కూడా పెట్టేసేది. పుస్తకం ఒకటి చెప్పింది, ప్రోగ్రామ్ ఇంకోటి చేసింది. జనం ఏది నమ్ముతారు? పని చేసిందాన్నే నమ్మారు. కంట్రోల్ మీటల నంబర్లు లెక్కపెట్టే ఒక మాక్రోలో కోట్ లోపల అక్షరాన్ని మార్చడం మీద ఆధారపడి ఏళ్ళ తరబడి కోడ్ రాశారు. 1989లో అమెరికా జాతీయ ప్రమాణం వచ్చి, కోట్స్ లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు, కావాలంటే # అని కొత్త గుర్తు ఇస్తాం, అది విలువకి తనే కోట్స్ కడుతుంది అని తీర్పు చెప్పింది. ఆ పాత కోడంతా ఒకేసారి విరిగింది.

మధ్యే మార్గం స్టీవ్ బోర్న్‌ది. 1979లో ఏడో యునిక్స్‌తో వచ్చిన ఆయన షెల్ నియమం మీలో చాలామందికి కంఠతా వచ్చు. జంట కోట్ లోపల $ పనిచేస్తుంది. ఒంటి కోట్ లోపల ఏదీ పనిచెయ్యదు. రెండు రకాల కోట్లు ఉన్నాయి కదా, ఒకటి తెరిచిన తలుపు, ఒకటి మూసిన తలుపు. రాసేవాడే ఎంచుకుంటాడు. (ఇఫ్‌ని తిరగేసి ఫి అని ముగించే అలవాటు కూడా ఆయనదే, ఆల్గాల్ 68 నుంచి తెచ్చుకున్నాడు. దాన్ని నేను ఇంకా క్షమించలేదు.) 1987లో ల్యారీ వాల్ పెర్ల్‌లో అదే తీసుకున్నాడు, తర్వాత పీహెచ్‌పీ, రూబీ తీసుకున్నాయి. సాస్ మాక్రో భాష 1980ల్లో వచ్చింది. షెల్‌ని చూసి పెట్టిందని నేను చెప్పను. కానీ రెండు ఇళ్ళవాళ్ళు ఒకే చోటికి వచ్చారు.

ఆ షెల్ నియమానికి అధికారిక ముద్ర పడింది 1992లో, పోసిక్స్ ప్రమాణాల్లో రెండోది, ఐట్రిపుల్ఈ 1003.2. ఐట్రిపుల్ఈ ఆపరేషన్స్ సెంటర్ ఎక్కడుందో తెలుసా? పిస్కాటవేలో, హోస్ లేన్ మీద. అంటే షెల్ వేరియబుల్స్ పెరిగిందీ, జంట కోట్‌లో వేరియబుల్ విప్పుకోవాలన్న మాటని ప్రమాణంగా నిలిపే సంస్థ ఆఫీసు ఉన్నదీ ఈ టౌన్‌షిప్‌లోనే. మనం సాస్ ఇంటర్వ్యూకి బట్టీ పట్టిన ప్రశ్నకి దగ్గర చుట్టం, మనం పిల్లల్ని కూచిపూడి క్లాసుకి దించే దారిలో ఉందన్నమాట.

ఎస్‌సీసీఎస్ గురించి ఇంత ఎందుకు చెప్పానంటే, దాని మనవడు ఒక మనిషి ఉద్యోగం కాపాడటం నేను దగ్గరుండి చూశాను కాబట్టి. కొన్నేళ్ళ కిందట, పేరు చెప్పని ఒక కంపెనీలో కాంట్రాక్ట్ మీద ఉన్నాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు మా టీమ్‌లో చేరి నెల కూడా కాలేదు. హెచ్-1బి కొత్తది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజులు, అంతే. అతనికి వారసత్వంగా ఒక ప్రోగ్రామ్ ఇచ్చారు. ఒక మందు వల్ల వచ్చిన దుష్ఫలితాల పట్టికలు అందులో తయారవుతాయి. ప్రతి పట్టిక కింద, డేటాని ఏ తేదీ వరకు తీసుకున్నారో ఫుట్‌నోట్ ఉండాలి. ఆ తేదీ లేకపోతే పట్టికలో అంకెలకి అర్థమే లేదు. మార్చి దాకా ముగ్గురికి లివర్ సమస్య వచ్చిందా, జూన్ దాకానా? డాక్టర్లు మందు ఆపాలా, కొనసాగించాలా అని కూర్చుని చూసే కాగితాలు అవి.

పంపాల్సిన రోజు సాయంత్రం, అన్ని పట్టికల కిందా తేదీకి బదులు &కటాఫ్ అని అచ్చయి ఉంది. అవతలి స్టాటిస్టిషియన్ చూసి ఆపింది. మేనేజర్ తమ్ముణ్ణి కాల్‌లోకి పిలిచి, లాగ్ చూశావా అని అడిగాడు. చూశానన్నాడు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు అన్నాడు. అది నిజం. కానీ ఒంటి కోట్‌లో వార్నింగ్ రాదన్న సంగతి ఆ కాల్‌లో ఎవరూ అతని తరఫున చెప్పలేదు. "లాగ్ క్లీన్‌గా ఉంటే ఇది ఎలా వచ్చింది, అబద్ధం చెప్తున్నాడు" అనే దాకా వెళ్ళింది మాట. కాల్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "అన్నా, నేను ఆ లైను ముట్టుకోలేదు. వీసా సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలీట్లేదు" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

పాత వెర్షన్లు తీశాం. అతను చేరడానికి ఆరు వారాల ముందు ఆ లైను మారింది. అంతకుముందు ఒంటి కోట్స్ మధ్య తేదీ అంకెల్లోనే రాసి ఉంది, కాబట్టి ఒంటి కోట్ తప్పు కాదు. ఎవరో ఆ తేదీని చెరిపి &కటాఫ్ పెట్టి, కోట్స్ మార్చకుండా వదిలేశారు. ఆ తర్వాత ఆ ప్రోగ్రామ్‌ని ఎవరూ పూర్తిగా నడపలేదు. తమ్ముడు నడిపిన రోజే మొదటిసారి అది బయటపడింది. ఎవరు మార్చారో కూడా అందులో ఉంది, ఆ మనిషి అప్పటికే ప్రాజెక్టు వదిలి వెళ్ళిపోయాడు. నేను మేనేజర్‌కి ఆ రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి పంపించి, మూడు లైన్ల ఉదాహరణ రాసి నడిపి, లాగ్ ఎలా మౌనంగా ఉంటుందో చూపించాను. క్షమాపణ రాలేదు. కాంట్రాక్ట్ మాత్రం ఉంది. పట్టికలు మర్నాడు పొద్దున్న వెళ్ళాయి.

ఎంత సీనియర్లయినా కోట్ అంటే "ఇది ఊరికే మాట, కోడ్ కాదు" అని చెప్పే గుర్తు అనుకుంటారు. కోట్ అంటే ఖాళీని ఎవరు నింపాలో, అసలు నింపాలో వద్దో చెప్పే ఆజ్ఞ. ఎస్‌సీసీఎస్ ఆ ఆజ్ఞని పట్టించుకోలేదు, సీ ప్రమాణం తలుపు మూసేసింది, షెల్, సాస్ రెండు తాళాలు ఇచ్చాయి. రెండు తాళాలు ఇచ్చినప్పుడు ఏ తాళం వేశామో చూసుకునే బరువు మాత్రం, కోడ్ వారసత్వంగా తీసుకున్నవాడి మీద పడింది. మన కాంట్రాక్ట్ బతుకుల్లో ఆ వారసుడు సాధారణంగా కొత్తగా దిగినవాడే.

ఈ చిక్కు మన భాషలో లేదా అంటే, కోట్స్ లేకుండానే ఉంది. తెలుగులో ఒకరి మాట చెప్పాలంటే మనకి 'అని' చాలు. "నాన్న బ్యాంకుకి వెళ్తానన్నాడు" అంటాం. 'వెళ్తాను' అనేది నాన్న నోట్లోంచి వచ్చినట్టే ఉంది, దాన్ని మనం మార్చలేదు. ఇంగ్లిష్‌లో ఆ 'నేను'ని 'ఆయన' చేసి చెప్పాలి. మనది ఒంటి కోట్ అలవాటు. కానీ దుబాయ్‌లో ఉన్న కొడుక్కి అమ్మ ఫోన్‌లో "బావ నాకు డబ్బులు పంపమన్నాడురా" అందనుకోండి. 'నాకు' అంటే ఎవరికి? బావ మాటని అలాగే చెప్తే, బావకి. అమ్మ విప్పి చెప్తే, అమ్మకి. రెండూ తెలుగే. అది తేలకుండా డబ్బులు వేసి, తర్వాత ఇంట్లో నెలరోజులు మాటల్లేకుండా పోయిన ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి. ఏ భాషలో అయినా 'నేను', 'రేపు', 'ఇక్కడ' లాంటివి మాక్రో వేరియబుల్సే.

మన జనం సాస్‌కి ఎలా వచ్చారన్నది వేరే ఎపిసోడ్ అంత కథ. క్లుప్తంగా చెప్పాలంటే, అమెరికా ఎఫ్‌డీఏ ట్రయల్స్ డేటాని ఒక పద్ధతి ప్రకారం అడుగుతుంది. 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన స్టడీలకి ఆ ప్రమాణ రూపం తప్పనిసరి అయింది. ఫైలు రూపం సాస్ ట్రాన్స్‌పోర్ట్ ఫార్మాట్. సాస్‌లోనే రాయాలని ఎఫ్‌డీఏ ఎక్కడా అనలేదు, పరిశ్రమ అలవాటు పడింది, అంతే. న్యూజెర్సీ నిండా మందుల కంపెనీలు, హైదరాబాద్ అమీర్‌పేట నిండా కోచింగ్ సెంటర్లు. మైత్రీవనం మెట్ల మీద సాస్ బోర్డులు ఎన్ని ఉండేవో అటు తిరిగినవాళ్ళకి గుర్తుంటుంది. ఆ క్లాసుల్లో "ఒంటి కోట్‌లో మాక్రో వేరియబుల్ రిజాల్వ్ అవుతుందా?" అన్నది ఖాయంగా అడిగే ప్రశ్న. జవాబు 'అవ్వదు'. చాలామందికి అక్కడితో ఆపేస్తారు. ఒంటి కోట్ కావాల్సిందే, విలువా కావాల్సిందే అన్నప్పుడు ఏం చెయ్యాలని ఎవరూ అడగరు. ఒరాకిల్ డేటాబేస్‌కి తేదీ పంపేటప్పుడు అదే పరిస్థితి. అక్కడ జంట కోట్స్‌లో పెడితే అది కాలమ్ పేరు అనుకుంటుంది. అప్పుడు విలువని ముందు విప్పి, తర్వాత దానికి ఒంటి కోట్స్ కట్టాలి. సాస్ దగ్గరే %టీఎస్‌లిట్ అనే రెడీమేడ్ మాక్రో ఉంది. 9.4 వెర్షన్‌లో కోట్ ఫంక్షన్‌కి ఏ కోట్ కావాలో కూడా చెప్పొచ్చు. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఇది నేర్చుకుని వెళ్ళండి. అడగకపోయినా చెప్పండి.

ఇంకో చిన్న సంగతి, ఆడియోలో చెప్పడం కుదరలేదు. కోడ్‌ని వర్డ్ ఫైల్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టి స్నేహితుడికి పంపకండి. అవి నిటారు కోట్స్‌ని వంకర కోట్స్ చేసేస్తాయి. కంటికి అందంగా ఉంటాయి గానీ సాస్‌కి అవి కోట్సే కావు.

ఇప్పుడు గాలి మారుతోంది. 2021లో ఆర్ కన్సార్షియం వాళ్ళు ఆర్ భాషలో తయారుచేసిన ఒక ప్రయోగాత్మక సమర్పణని ఎఫ్‌డీఏకి పంపించారు. పదిహేనేళ్ళు సాస్ రాసిన మనవాళ్ళు నలభై దాటాక ఆర్, పైథాన్ నేర్చుకుంటున్నారు. ఆ రెండు భాషల్లోనూ ఒంటి కోట్, జంట కోట్ ఒకటే. లోపల ఖాళీ నింపాలంటే పైథాన్‌లో కోట్ ముందు ఎఫ్ అనే అక్షరం పెట్టాలి. అది 2016 చివర్లో, 3.6 వెర్షన్‌తో వచ్చింది. పాత చేతి అలవాటుతో జంట కోట్ పెట్టి, లోపల వేరియబుల్ పేరు రాసి, ఎందుకు విప్పుకోలేదా అని చూస్తూ కూర్చున్నవాళ్ళు ఈ నెలలోనే ముగ్గురు నాకు ఫోన్ చేశారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను, "ఎఫ్ పెట్టండి బాబూ."

గుంటూరు తమ్ముడు ఇప్పుడు ఆ కంపెనీలో లేడు. వేరేచోట లీడ్ అయ్యాడు. కొత్తవాళ్ళు ప్రోగ్రామ్ అందుకున్న మొదటి రోజు, ఒంటి కోట్స్ మధ్యలో & ఉన్న లైన్లన్నీ వెతికి లిస్టు ఇచ్చే చిన్న స్క్రిప్ట్ రాశాడు. షెల్‌లో రాశాడు. వెతకాల్సింది ఒంటి కోట్స్‌నే కదా, దాన్ని ఒంటి కోట్స్‌లో రాయలేక గంటసేపు తంటాలు పడ్డానని నవ్వుతూ చెప్పాడు. ఆ స్క్రిప్ట్ ఎపిసోడ్ పేజీలో పెట్టమన్నాడు. నిటారు కోట్స్‌తోనే పెట్టాను, అక్కడినుంచి తీసుకోండి.